నవ్విన నెగటివ్

పోయిన నెల గద్వాలలో మా చిన్నమ్మాయి ఇంటికి వెళ్ళినప్పుడు, పొద్దున్నే పాల ప్యాకెట్ కోసమని వీధిలోకి వచ్చేసరికి నాలుగిళ్ళ అవతల జనం గుమిగూడి ఉన్నారు. ఒంటరిగా ఉండే ఒక పెద్దాయన వంటింట్లో పడిపోయి చనిపోయాడట, తలకు దెబ్బ ఉందట, జారి పడ్డాడో ఎవరైనా తోశారో తెలియదట. నేను చూస్తుండగానే ఒక తెల్లటి వ్యాను వచ్చి ఆగింది. దాని పక్కన ఫోరెన్సిక్ అని పెద్ద పెద్ద అక్షరాలు. అందులోంచి దిగిన పిల్లలు చేతులకు నీలం రంగు తొడుగులు, కాళ్ళకు పలచటి సంచులు వేసుకుని లోపలికి వెళ్ళారు. తెరిచి ఉన్న తలుపులోంచి కనబడుతోంది, మా పెద్ద మనవరాలి ఈడు అమ్మాయి ఒకతె, నేల మీది మరక పక్కన చిన్న కొలబద్ద పెట్టి, మోకాళ్ళ మీద కూర్చుని, కెమెరాను నిటారుగా పైనుంచి కిందికి పట్టి ఫోటో తీస్తోంది. అది చూసేసరికి నా రెండు చేతులూ నాకు తెలియకుండానే ఛాతీ దగ్గరికి వచ్చి, మెడలో లేని కెమెరాను పట్టుకోబోయాయి. పక్కనున్నాయన నన్ను వింతగా చూశాడు.

మన వయసు వాళ్ళకు ఫోటో స్టూడియో అంటే ఏమిటో నేను చెప్పనక్కరలేదు. ఆత్మకూరులో బస్టాండుకు పోయే దారిలో, ఎరువుల దుకాణానికీ దర్జీ కొట్టుకూ మధ్య ఇరుకు గదిలో నా స్టూడియో ఉండేది. గోడకు నీలం రంగు తెర, తెర మీద నేనే వేసిన కొండలు, జలపాతం. ఒక ఎత్తు స్టూలు, దాని మీద ప్లాస్టిక్ పూల కుండీ. అద్దం, దువ్వెన, అందరూ వాడుకునే పౌడరు డబ్బా. వనపర్తిలో నాకు పని నేర్పిన గురువుగారు చెప్పిన రెండు మాటలు మాత్రం నేను ఏనాడూ తప్పలేదు. ఒకటి, ఫోటోకు కూర్చున్నవాళ్ళను నవ్వనివ్వకూడదు, నవ్వితే మొహం కదులుతుంది. రెండు, బాగా వచ్చినా రాకపోయినా ఏ నెగటివ్‌నూ పారేయకూడదు. అందుకని ప్రతి నెగటివ్‌నూ కాగితపు కవరులో పెట్టి, పైన నంబరూ ఊరి పేరూ రాసి, చెమ్మ తగలకుండా ఎండిన వేపాకు పరిచిన రేకు పెట్టెలో దాచేవాణ్ణి. మా ఇంటావిడ ఆ పెట్టెలను చూసి, మనుషులను ఇట్లా వరస పెట్టి దాచుకునేవాణ్ణి నిన్నే చూశానని నవ్వేది.

పెళ్ళిళ్ళూ, బడిపిల్లల ఫోటోలూ కాక మాకు ఇంకొక పని ఉండేది. ఎక్కడైనా బావిలో శవం తేలినా, చేనులో ఎవరైనా పడి ఉన్నా ఠాణా నుంచి కానిస్టేబుల్ సైకిలు మీద వచ్చి కెమెరా పట్టుకుని రమ్మనేవాడు. మొదటిసారి పోయినప్పుడు నాకు ఇరవై రెండేళ్ళు. చూడలేక కళ్ళు మూసుకుని మీట నొక్కాను. ఆ ఫోటోను చూసి, వనపర్తి దవాఖానలో శవపరీక్షలు చేసే డాక్టరమ్మ నన్ను పిలిపించారు. కోప్పడతారనుకుంటూ పోతే, కుర్చీ చూపించి టీ తెప్పించారు. కృష్ణా జిల్లా నుంచి ఉద్యోగానికి వచ్చిన మనిషి, పొట్టిగా, కళ్ళజోడు ముక్కు చివర పెట్టుకుని ఉండేవారు. ముందు దూరం నుంచి ఒకటి, తరువాత మధ్య నుంచి ఒకటి, చివర దగ్గర నుంచి ఒకటి తీయమన్నారు. గాయం పక్కన కొలబద్ద పెట్టమన్నారు. నేను అగ్గిపెట్టె పెట్టి తీశాను, దానికీ ఆమె నవ్వలేదు, అగ్గిపెట్టెలన్నీ ఒకే కొలతలో ఉండవు కదండీ అన్నారంతే. దేన్నీ కదిలించవద్దన్నారు. మనిషి పోయిన చోట ప్రతి వస్తువూ ఏదో ఒకటి చెబుతుందనీ, మనం సర్దితే అది నోరు మూసుకుంటుందనీ చెప్పారు. ఆ తరువాత నేను కళ్ళు మూసుకుని తీయలేదు.

ఇప్పుడు చెప్పబోయేది నేను తీసిన శవాల ఫోటోల సంగతి కాదు, ఒక కొత్త జంట ఫోటో సంగతి.

ఆత్మకూరుకు కోసెడు దూరంలో ఏటి పక్క ఊరివాళ్ళు వాళ్ళు. కూలి పనులకు, వలసలకు పోయే కుటుంబం. పెళ్ళైన మూడో రోజో నాలుగో రోజో, ఆమె కొల్లాపూర్ దిక్కు పుట్టింటికి పోతూ బస్సుకు ఇంకా టైముందని స్టూడియోలోకి వచ్చారు. అతనికి పాతికేళ్ళు ఉంటాయి. ఆమెకు పద్దెనిమిదో పంతొమ్మిదో. అతన్ని స్టూలు పక్కన నిలబెట్టి, చెయ్యి పూల కుండీ అంచున పెట్టించి, ఆమెను కుర్చీలో కూర్చోబెట్టాను. మా అద్దం ముందు ఆమె పౌడరు కాస్త ఎక్కువే వేసుకున్నట్టుంది. నేను తల వంచి, రెండు కటకాల పెట్టె కెమెరాలోకి చూసి, రెడీ అనే లోపల ఆమెకు గట్టిగా తుమ్ము వచ్చింది. అతను పగలబడి నవ్వాడు. నోరంతా తెరిచి, తల కొంచెం వెనక్కి వాల్చి నవ్వాడు. ఆ అదురుకు నా వేలు మీట మీద పడింది. ఆమె సిగ్గుతో చచ్చిపోయింది. ఇంకొకటి తీశాను, ఇద్దరూ బిగుసుకుపోయి, పెదవులు గట్టిగా మూసుకుని, ఎవరో తిట్టినట్టు వచ్చారు. అదే కడిగి ఇచ్చాను. అదే బాగుందన్నారు. నవ్విన దాన్ని ప్రింటు వేయలేదు, కానీ కవరులో రెండు నెగటివ్‌లూ ఉన్నాయి.

మరుసటి ఏడు ఆమె నిండు నెలలతో పుట్టింట్లో ఉంది. సోమశిల దగ్గర, కృష్ణ మీది ఆనకట్ట వెనకనీళ్ళ పక్కన వాళ్ళ ఊరు. అతను పనికి అవతలి ఒడ్డున మిరప తోటలకు పోతూ, భార్యను కూడా వెంట తీసుకుపోతానని వచ్చాడట. తల్లి లేని పిల్ల, కానుపుకు వచ్చిన పిల్ల, గుడిసెలో ఎవరు చూసుకుంటారని ఆమె అన్న అడ్డం పడ్డాడు. నా పెళ్ళాన్ని నేను చూసుకోలేనా అని ఇతను. ఇద్దరిదీ ఆమె మీది ప్రేమే. మాటామాటా పెరిగి అన్న ఇతన్ని అరుగు మీది నుంచి తోసేశాడు, పెదవి చిట్లి నెత్తురొచ్చింది, ఊరంతా చూసింది. ఆమె ఎంత పిలిచినా అతను వెనక్కి తిరగలేదు. తెల్లవారి ఏటి దిక్కు పోతుంటే ఒకరిద్దరు చూశారు. అంతే, ఆ మనిషి మళ్ళీ కనబడలేదు.

వలస పోయిన మనిషి నెల, రెండు నెలలు కనబడకపోతే మన దిక్కున ఎవరూ బెంగ పడరు. ఆడపిల్ల పుట్టింది, కబురు పంపిద్దామంటే ఎక్కడికి పంపాలో తెలియలేదు. ఏడాది దాటింది. ఆ పై ఎండాకాలం నీళ్ళు బాగా వెనక్కి పోయి, ఎన్నడూ బయటపడని బురద మేటలు బయటపడ్డాయి. అక్కడ చేపలు పట్టేవాళ్ళకు ఒక పుర్రె, తొడ ఎముకలు, తుంటి ఎముక, కొన్ని పక్కటెముకలు, మెడ ఎముకలు కనిపించాయి. బట్టలు లేవు, గుర్తు పట్టేందుకు ఉంగరం గాని, మొలతాడు గాని లేవు. కబురు ఆత్మకూరు దిక్కు వచ్చేసరికి అతని తల్లి గుండెలు బాదుకుంటూ ఠాణాకు పోయింది. తన కొడుకును వాళ్ళ బామ్మర్దే కొట్టి చంపి ఏట్లో పడేశాడని చెప్పింది. తోసిన సంగతి ఊరంతా చూసిందే కనుక, పోలీసులు ఆ బామ్మర్దిని తీసుకుపోయి కూర్చోబెట్టారు. ఆ రోజుల్లో కూర్చోబెట్టడమంటే ఏమిటో మీకు తెలుసు.

ఎముకలు నాగర్‌కర్నూల్ దవాఖానకు చేరాయి. మా డాక్టరమ్మ అప్పటికి అక్కడికి బదిలీ అయి ఉన్నారు. తుంటి ఎముకను చూసి మగమనిషి అనీ, ఎముకల చివరలు అతుక్కున్న తీరును బట్టి పాతిక, ముప్ఫై మధ్య అనీ, తొడ ఎముక కొలిచి ఇంత పొడుగు ఉంటాడనీ ఆమె రాశారట. అవన్నీ అతనికి సరిపోయాయి. కానీ ఆ వయసూ ఆ పొడుగూ ఉన్న కూలి మనుషులు పాలమూరు జిల్లాలో ఎన్ని వేల మంది లేరు! ఇప్పట్లాగా ఎముక పొడినీ తల్లి నెత్తురు చుక్కనూ పోల్చి చెప్పే పరీక్షలు అప్పుడు మన దాకా రాలేదు. హైదరాబాదు ప్రయోగశాలలో మాత్రం పుర్రె ఫోటో మీద మనిషి ఫోటోను పరిచి పోల్చే పద్ధతి ఉండేది. అతని ఇంటి గోడ మీది ఫోటోను కానిస్టేబుల్ తీసుకుపోయాడు. నేనిచ్చిన ఫోటోనే అది, పెదవులు బిగించుకున్నది. డాక్టరమ్మ దాన్ని చూసి, పళ్ళు కనబడే ఫోటో ఉంటే గట్టిగా చెప్పవచ్చు, స్టూడియోలో అడిగి రమ్మని పంపించారు.

ఆ కానిస్టేబుల్ వచ్చి అడిగినప్పుడు నాకు తుమ్మూ నవ్వూ వెంటనే గుర్తొచ్చాయి. పెట్టెలు చాలా ఉన్నాయి, వెతికి చెబుతానన్నాను. అతను పోయాక అరగంటలో కవరు దొరికింది. నెగటివ్‌ను కిటికీ వెలుగుకు పట్టి చూశాను. నెగటివ్‌లో తెల్లవి నల్లగా, నల్లవి తెల్లగా కనబడతాయి కదా, నల్లటి పళ్ళ వరసలో పై ముందు పన్ను ఒకటి సగం విరిగి ఉంది, పక్కది కొంచెం వంకరగా దాని మీదికి వచ్చి ఉంది. ఇంత స్పష్టంగా ఉన్నదాన్ని ఎవరైనా గుర్తు పడతారు.

మరునాడు పొద్దున షట్టరు తీసేసరికి అతని భార్య మెట్టు మీద కూర్చుని ఉంది. చంకలో ఏడాది పిల్ల. పళ్ళు కనబడే ఫోటో వెతుకుతున్నారని ముందు రోజే విని, తెల్లవారుజామునే బయలుదేరి రెండు బస్సులు మారి వచ్చిందట. మొహానికి కుంకుమ ఉంది, చేతులకు గాజులున్నాయి. లోపలికి రమ్మన్నా రాలేదు.

"అన్నా, ఆ దినం నాకు తుమ్మొచ్చినప్పుడు ఒకటి కొట్టినవ్ గద. అది ఉన్నదా?" అన్నది.

నేను రేకు పెట్టెల దిక్కు చూశాను.

"జర లేదని చెప్పన్నా. నీ కాళ్ళు మొక్కుత. ఆ బొక్కలు ఆయనవి గాకుంటే ఆయన ఏడనో ఓ తాన బతికున్నట్టు. ఆయనవే అయితే మా అన్నను ఉరి దీస్తరు. ఇద్దరూ పోతరన్నా నాకు, ఒక్కపారే పోతరు."

పిల్ల ఏడిస్తే ఊపుకుంటూ, అక్కడే కొంతసేపు కూర్చుని, వచ్చిన దారినే పోయింది. ఆమె పోతుంటే అరికాళ్ళు చీలి ఉండడం కనిపించింది. ఎందుకో తెలియదు, ఇన్నేళ్ళకూ ఆమె మాట తలచుకుంటే ముందు ఆ పాదాలే గుర్తొస్తాయి.

నేను చేసిన తప్పు ఇక్కడ చెప్పుకోవాలి. ఆ సాయంత్రం కానిస్టేబుల్ మళ్ళీ వస్తే, నెగటివ్‌లు చెమ్మకు పాడైపోయాయని అబద్ధం చెప్పాను. అతను సరేనని రాసుకుని పోయాడు. మూడు రోజులు నేను అన్నం సరిగా తినలేదు. మా ఇంటావిడ అడిగితే దాచలేక చెప్పాను. ఆమె బియ్యంలో రాళ్ళు ఏరుతూ, తల ఎత్తకుండానే ఒక మాట అన్నది.

"ఆ పిల్ల జిందగీ అంతా బాట దిక్కు చూసుకుంట కూసుంటది. వాళ్ళన్నను ఊరోళ్ళు జిందగీ అంతా హంతకుడనే అంటరు. నువ్వు ఎవలను కాపాడినవ్?"

నాలుగో రోజు కవరును చొక్కా లోపలి జేబులో పెట్టుకుని, వనపర్తిలో బస్సు మారి నాగర్‌కర్నూల్ పోయాను.

డాక్టరమ్మ గదిలో ఒక చెక్క పెట్టెలో దూది మీద ఆ పుర్రె ఉంది. దాన్ని చూడవద్దనుకుంటూనే ముందు పళ్ళ దిక్కు చూశాను. అక్కడ సగం పన్ను. జరిగినదంతా, అబద్ధంతో సహా చెప్పేశాను. ఆమె నెగటివ్‌ను లైటుకు పట్టి చూస్తూ, మీరు దీన్ని పారేయకుండా ఎందుకు ఉంచారండీ అని అడిగారు. గురువుగారి మాట చెప్పాను. అప్పుడు నేను అడగవలసింది అడిగాను, ఇది ఇస్తే ఆ అన్నకు ఉరి పడుతుందా అని.

"అది నాకు తెలియదండీ. నేను ఎవరి పక్షమూ కాదు. ఈ మనిషి ఎవరో తెలిస్తే, ఎట్లా పోయాడో అడగడానికి దారి దొరుకుతుంది. ఎవరో తెలియకపోతే, అందరూ ఎవరికి తోచింది వాళ్ళు అనుకుంటారు, అదే ఆ అన్నకు శిక్ష," అన్నారు. పుర్రెను రెండు చేతులతో ఎంతో జాగ్రత్తగా తిప్పి, వెనక వైపు చూపించారు. "ఇప్పటికి నాకు ఎక్కడా దెబ్బ కనబడలేదు. ఆ మాట మీరు బయట అనకండి. ల్యాబ్ వాళ్ళు కూడా చూడాలి."

ఆ తరువాత జరిగింది తలచుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది. ఫోటోను పుర్రె అసలు సైజుకు పెంచాలంటే ఫోటోలో కొలత తెలిసిన వస్తువు ఒకటి ఉండాలట. అతను చెయ్యి పెట్టిన నా స్టూలూ, పూల కుండీ అందుకు పనికొచ్చాయి. హైదరాబాదు ప్రయోగశాల వాళ్ళు ఆ రెండూ కావాలన్నారు. ఠాణా జీపులో వెనక సీటు మీద నా స్టూలు, దాని మీద ప్లాస్టిక్ పూలతో కుండీ, పక్కన నేను, ముందు హెడ్డు కానిస్టేబుల్. దారిలో టీ కోసం ఆగినచోటల్లా జనం పెళ్ళికా అని అడిగారు. అబద్ధం చెప్పినందుకు ఎస్సైగారు నా మీద కేసు రాస్తారేమోనని నేను భయపడుతుంటే, ఆయన మాత్రం డాక్టరమ్మ ముఖం చూసి, నెగటివ్ ఆలస్యంగా దొరికిందని రాసుకుని వదిలేశారు.

ప్రయోగశాలలో ఒక పెద్దమనిషి, సన్నగా, తెల్ల కోటు మీద చాక్‌పీసు దుమ్ముతో బడిపంతులు మాదిరి ఉన్నాయన, నన్ను ఎంత దూరం నుంచి తీశారు, కెమెరా ఎంత ఎత్తులో ఉంది, అతను తల ఎంత వెనక్కి వాల్చాడు అని ఓపికగా అడిగి రాసుకున్నారు. నా చిన్న స్టూడియోలో ఎవరూ నన్ను ఎన్నడూ అట్లా అడగలేదు. పుర్రెను అదే వాలులో నిలబెట్టడానికి వాళ్ళకు ఒక పూట పట్టింది. చివరికి పుర్రె ఫోటో నెగటివ్‌నూ, అదే సైజుకు పెంచిన అతని నెగటివ్‌నూ వెలుగు బల్ల మీద ఒకదాని మీద ఒకటి పెట్టి నన్ను పిలిచి చూపించారు. కంటి గుంటల్లో కళ్ళు సరిగ్గా కూర్చున్నాయి. ముక్కు ఎముక మీద ముక్కు. విరిగిన పన్ను మీద విరిగిన పన్ను, వంకర పన్ను మీద వంకర పన్ను. ఎముక లోపలి నుంచి ఆ నవ్వు పైకి వచ్చినట్టుంది. నేను బయటికి వచ్చి కొళాయి దగ్గర మొహం కడుక్కున్నాను.

అంటే అతనే. ఇక ఎట్లా పోయాడన్నది మిగిలింది. పుర్రెకు పగులు లేదు, మెడ ఎముకలకు గాటు లేదు, పక్కటెముకలు విరగలేదు. ఒక తొడ ఎముక ఎక్కడా పగలకుండా నిండుగా దొరకడం వాళ్ళ అదృష్టమట. దాని పైభాగాన్ని బాగా కడిగి, లోపలి మూలుగను తీసి సూక్ష్మదర్శినిలో చూశారు. ఏటి నీళ్ళలో కంటికి కనబడని నాచు రేణువులు ఉంటాయనీ, ప్రాణమున్న మనిషి నీళ్ళు మింగి ఊపిరితిత్తుల్లోకి పీలిస్తే గుండె కొట్టుకుంటున్నంతసేపూ అవి నెత్తురుతో పాటు మూలుగ దాకా పోతాయనీ, చచ్చిన తరువాత నీళ్ళలో పడేస్తే అంత లోపలికి పోవనీ ఆ పంతులుగారి లాంటాయన నాకు చెప్పారు. ఇదొక్కటే చూసి తీర్పు చెప్పకూడదు, మిగతావాటితో కలిపి చూడాలని కూడా అన్నారు. సోమశిల దగ్గరి నీళ్ళు సీసాలో పట్టి, లక్క ముద్ర వేసి తెప్పించి పోల్చారు. రెండింట్లో అవే రేణువులు.

రిపోర్టు వచ్చేసరికి వానలు మొదలయ్యాయి. కొట్టి చంపిన గుర్తులు లేవనీ, బతికుండగానే నీళ్ళలో మునిగినట్టు కనబడుతోందనీ రాసి ఉంది. బతికుండగా తోసేసినా మునుగుతాడు కదా అని ఎస్సైగారికి అనుమానం ఉండనే ఉంది. కానీ ఆ కాగితం వచ్చాక ఆయన ఊళ్ళో అడగడం మాని ఏటి ఒడ్డున అడగడం మొదలుపెట్టారు. అప్పట్లో అక్కడ మనుషులను పుట్టిలో దాటించేవాళ్ళు. వెదురు బుట్ట మాదిరి గుండ్రటి పడవ అది. రెండు రోజులు వరసగా పుట్టి నడిపేవాళ్ళందరినీ కూర్చోబెట్టి అడిగితే, మూడో రోజు వాళ్ళలో ఒక ముసలాయన తనంతట తనే దవాఖానకు వచ్చాడు. ఠాణాకు పోవడానికి భయమేసి దవాఖానకు వచ్చాడట, డాక్టరమ్మ ముందు కూలబడి ఏడ్చాడు.

"నేను ముంచలేదు బిడ్డా. గాలి ముంచింది. పెదవి వాసి ఉండె పిలగానికి. అవతలికి పోవాల్నన్నడు. నడుమకు పోయినంక సుడిగాలి లేసింది, పుట్టి బోర్ల పడ్డది. ఆయనకు ఈత రాదు. నేను ముసలోణ్ణి, నా చెయ్యి ఆయనకు అందలే. చెప్తే నన్నే పట్టుకుపోతరని గమ్మున ఉన్న. ఇగ ఉండలేకపోతున్న."

ఆయన పుట్టి ఆ వారమే కొట్టుకుపోయిందనీ, అప్పటి నుంచి ఆయన ఏట్లోకి దిగలేదనీ తోటివాళ్ళు చెప్పారు. ఇతను ఒంటరిగా వచ్చి పుట్టి ఎక్కడం ఒడ్డున బట్టలుతికే ఇద్దరు ఆడవాళ్ళు చూశారు కూడా, కానీ వాళ్ళను ఎవరూ అడగనే లేదు. అది గొడవ జరిగిన తెల్లవారి పొద్దున. ఆ పొద్దున ఆమె అన్న పొరుగూరి చేనులో నాగలి కట్టి ఉన్నాడు, పదిమంది చూశారు. అన్నను వదిలేశారు. అప్పటికి అతని ఎడమ చెయ్యి భుజం దాటి పైకి లేవడం లేదు, జీవితాంతం లేవలేదు కూడా. ఆ సంగతి మాత్రం ఏ కాగితం మీదికీ ఎక్కలేదు. పుట్టి ముసలాయనను కోర్టు దాకా తిప్పి, చివరికి దయ చూపి వదిలారు. చావును దాచినందుకు ఆ అన్న అతని మీదికి పోతాడేమోనని అందరం భయపడ్డాం. పోలేదు. నేను తోయకుంటే ఆయన ఆ పుట్టి ఎక్కకపోయేవాడు అని మాత్రం అన్నాడట.

ఎముకలు అప్పజెప్పే రోజున నేను కూడా నాగర్‌కర్నూల్ పోయాను, స్టూలు తెచ్చుకునే నెపంతో. అతని తల్లి, అతని భార్య, ఆమె అన్న వచ్చారు. తల్లి ఆ అన్న మొహం చూడలేక దూరంగా చెట్టు కింద నిలబడింది. చివరికి ఎముకల మూట కాటికి మోసింది మాత్రం ఆ అన్నే, పని చేసే ఒక్క చేత్తో. ఆ ముసలామె అతని వెనకాల నడిచింది.

అతని భార్య కొన్నాళ్ళకు ఆత్మకూరు వచ్చింది. నామీద కోపంతో వచ్చిందనుకున్నాను. నుదురు బోడిగా ఉంది, పిల్ల నడుస్తోంది. ఆ నవ్విన ఫోటో ఒకటి ప్రింటు వేసి ఇమ్మని అడిగింది. వేసి ఇస్తే చాలాసేపు చూసి, తన మొహాన్ని కొంగుతో కప్పుకున్నట్టు వేలితో కప్పి, అతన్ని మాత్రమే చూసుకుంది. తుమ్ముతున్న తన మొహం కొరివిదయ్యం లాగా ఉందని అన్నది. ఆమె నవ్వడం నేను చూసింది అదొక్కసారే. ఆ పిల్ల పెద్దదై, టీచరు ట్రైనింగ్ చదివి, ఇప్పుడు మానవపాడు దిక్కున బడిలో పని చేస్తోంది. తండ్రి ఎట్లుంటాడో ఆ ఫోటోలోనే చూసిందట, అందుకే వాళ్ళ నాన్న ఎప్పుడూ నవ్వుతూ ఉండేవాడనే అనుకుంటుందట. నేను ఆ మాటను సరిదిద్దలేదు.

నా స్టూడియో మూసి ఏళ్ళయింది. ఇప్పుడు ఎవరూ ఫోటోకు బిగుసుకుని నిలబడరు, ఫోను ఎత్తితే చాలు పళ్ళన్నీ కనబడతాయి. ఒక వెంట్రుక దొరికితే, ఒక చెమట మరక దొరికితే మనిషి పేరు చెప్పేసే కాలం వచ్చింది. మంచిదే. ఆ పరీక్షలు అప్పుడే ఉంటే ఒక అన్న చెయ్యి నిలిచేది, ఒక ఆడమనిషి నాలుగు నెలలు ఇద్దరి కోసం ఏడవవలసి వచ్చేది కాదు. పాత రోజులే మంచివని నేను ఎన్నడూ అనను, చూసినవాణ్ణి కనుక అనలేను.

కానీ ఎముకలు అప్పజెప్పిన ఆ పొద్దున ఒక సంగతి జరిగింది, అది మాత్రం ఇప్పుడు ఎక్కడైనా జరుగుతోందో లేదో నాకు తెలియదు. కాగితాల మీద వేలిముద్రలు అయిపోయాక డాక్టరమ్మ రిపోర్టు చదివి వినిపించలేదు. బయటికి వచ్చి, దవాఖాన మెట్టు మీద అతని భార్య పక్కన, చీర మురికవుతుందని చూడకుండా కూర్చున్నారు. ఒక్కొక్కటీ ఆమెకు అర్థమయ్యే మాటల్లో చెప్పారు. బాగా బాధ పడ్డాడా అని ఆమె అడిగితే, లేదని ఊరికే అనలేదు, కొన్ని నిమిషాలు పడి ఉంటాడమ్మా, ఆ తరువాత లేదు అన్నారు. ఆమె అడిగిందే మళ్ళీ అడిగింది, ఈమె చెప్పిందే మళ్ళీ చెప్పారు. లోపల ఓపీలో జనం ఉన్నారని కాంపౌండరు రెండుసార్లు వచ్చి పోయాడు. ఆమె ఏడ్చి, మాట్లాడి, మళ్ళీ ఏడ్చి, ఇక అడగడానికి ఏమీ మిగలక చీర కొంగుతో మొహం తుడుచుకునే దాకా డాక్టరమ్మ అక్కడి నుంచి లేవలేదు. నేను ఎదురుగా నిలబడి, నా బస్సు పోతున్నా కదలకుండా చూస్తూ ఉన్నాను. భుజాన కెమెరా ఉంది, అందులో ఫిల్ము కూడా ఉంది. తీయాలనిపించలేదు. ఇప్పుడు ఒంటరిగా కూర్చుని పాత కవర్లు తిరగేస్తుంటే, నేను తీసిన వేల ఫోటోల్లో ఆ ఒక్కటి లేకపోవడం మాత్రం తెలుస్తూ ఉంటుంది.